టూర్ ప్రోగ్రాంలో మూడు ఖాళీ రోజులు

పార్లమెంటు సభ్యుల దగ్గర కొత్తగా పీఏలుగా చేరినవాళ్లు అప్పుడప్పుడు బందరులో మా ఇంటికి వస్తుంటారు. ఏ శాఖకు ఏ ఉత్తరం రాయాలి, రైలు కోటాకు ఎవరిని పట్టుకోవాలి, మంత్రిగారి పేషీలో ఎవరి మాట చెల్లుతుంది అని అడుగుతారు. అవన్నీ ఆరు నెలల్లో వాటంతట అవే వస్తాయి. ఆరు నెలల్లో రానిది ఒకటుంది. పద్దెనిమిదేళ్లు చేసినా నాకు రాలేదు. ఒక మనిషికి అతి దగ్గరగా ఉంటూ, ఆయన చెప్పనిదాన్ని అడగకుండా, ఊహించకుండా, ఊహించినట్టు కనపడకుండా ఉండటం. ఉద్యోగమంటే అదే. మిగిలినదంతా టైపింగు.

కుర్చీ

మాది దివిసీమలో ఒక చిన్న ఎస్టేటు. మా తాతగారి కచేరీలో వీరరాఘవయ్యగారి తండ్రి గుమాస్తా. తర్వాత ఎస్టేట్లు రద్దయ్యాయి. మిగిలిన మాగాణి మా నాన్నగారు కోర్టుల చుట్టూ తిరిగి పోగొట్టారు. కచేరీ భవనం ఇప్పుడు ఎరువుల గోడౌను. గుమాస్తాగారి అబ్బాయి గుడివాడలో వకీలై, పార్టీలో ఎదిగి, రాజ్యసభకు వెళ్లారు. నేను ఆయన దగ్గర పీఏగా చేరాను. ఇది రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. వెన్ను నిటారుగా పెట్టుకునే రాస్తున్నాను.

ఆయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. మా తాతగారిని రైతులు ఎలా పిలిచేవారో అలాగే "బాబుగారూ" అనేవారు. నేను గదిలోకి వెళ్తే ముందు "కూర్చోండి" అనేవారు, ఆ తర్వాతే పని చెప్పేవారు. నేను కూర్చునేదాకా కాగితం మీద చెయ్యి పెట్టేవారు కారు. నా ఇంగ్లీషు అంటే ఆయనకు గౌరవం. ఢిల్లీకి వెళ్లే ప్రతి ఉత్తరం నేను చూడాల్సిందే.

ఆ మర్యాద చాలా ఏళ్లు నాకు తియ్యగానే ఉంది. నాగేశు వచ్చాక అదే నాకు గోడలా కనపడటం మొదలైంది.

విప్ అంటే ఏమిటో ఒక ముసలమ్మ చెప్పింది

నాగేశు ఎలా వచ్చాడో చెప్పాలంటే ముందు పార్టీ క్రమశిక్షణ గురించి చెప్పాలి.

పెద్ద ఓడలు మన సముద్రంలోకి వచ్చి చేపలు పట్టుకోవచ్చా, కూడదా అని సభలో చర్చ జరగబోతోంది. దివిసీమ పల్లెకారులకు అది బతుకుతెరువు సమస్య. పాలకాయతిప్ప దగ్గరి ఒక పల్లెలో వీరరాఘవయ్యగారు, మీ తరఫున నేను మాట్లాడతానని మాట ఇచ్చి వచ్చారు. ఆ ప్రసంగం నేను రాశాను. నాలుగు రోజులు కూర్చుని, మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషంతా పెట్టి రాశాను. ఇంతలో పార్టీ నుంచి విప్ వచ్చింది, అంటే ఆదేశం. చర్చలో నాయకుడు తప్ప ఎవరూ మాట్లాడకూడదు. వీరరాఘవయ్యగారు మాట్లాడలేదు. నా ప్రసంగం నా సంచిలోనే ఉండిపోయింది.

చాలామంది సభ్యులు అలాంటప్పుడు ఆ ఊరివైపు ఆరు నెలలు వెళ్లరు. ఈయన ఆ వారమే వెళ్లారు. ఇసుకలో వాళ్ల మధ్య కూర్చుని, "మాట్లాడలేదు. పార్టీ వద్దంది. తిట్టేదేదో నన్నే తిట్టండి" అన్నారు. ఒక ముసలామె లేచి నిజంగానే తిట్టింది. అందులో సగం నేనిక్కడ రాయలేను. తిట్టడం అయ్యాక చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఆయన తాగి, "నీకు కొడుకులున్నారామ్మా?" అని అడిగారు. ఇద్దరున్నారంది. చిన్నవాడు మిలిటరీలో చేరాడు, పెద్దవాడు డిగ్రీ చదివి బందరులో టైపు నేర్చుకుంటున్నాడు. ఆ పెద్దవాడే నాగేశ్వరరావు. మర్నాటి నుంచి మా ఆఫీసులో రెండో బల్ల అతనిది.

అతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం. చొక్కా ఇస్త్రీ ఉండేది కాదు. అయినా నెల తిరక్కుండా వీరరాఘవయ్యగారు అతన్ని "ఒరేయ్ నాగేశూ" అని పిలవడం మొదలుపెట్టారు. చదివేవాళ్లకు ఇది చిన్న సంగతిగా కనపడుతుంది. నేను ఆ ఒక్క 'ఒరేయ్' కోసం ఎంత కుళ్లుకున్నానో నాకే తెలుసు. అన్నేళ్లలో ఆయన నన్ను ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. అంటే ఒప్పుకునేవాణ్ణా అంటే, ఒప్పుకునేవాణ్ణి కాదు. అదే నా బాధ.

ఇసుకలో అరగంట

కార్గిల్ యుద్ధం జరుగుతున్న వేసవిలో లోక్‌సభ రద్దయి ఉంది. ఎన్నికలు రాబోతున్నాయి. యుద్ధం గురించి ఎవరు ఏం మాట్లాడినా అది ఓట్ల మాట కూడా అవుతుంది. అలాంటి సమయంలో ప్రభుత్వం ప్రతిపక్ష నాయకులను పిలిచి, సైన్యం దగ్గరున్న సమాచారం కొంత వాళ్లకు చెప్పింది. మా పార్టీ నాయకుడు తనతో పాటు వీరరాఘవయ్యగారిని తీసుకెళ్లారు. అక్కడ కాగితం మీద ఏదీ రాసుకోకూడదు. విన్నది బయట చెప్పకూడదు, సొంత పార్టీ సభ్యులకు కూడా. ఇది ప్రభుత్వం పెట్టిన నియమం. దాని మీద పార్టీ తన నియమం పెట్టింది. యుద్ధం ఊసు అధికార ప్రతినిధి తప్ప ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే టికెట్టు గురించి మర్చిపోవచ్చు. వీరరాఘవయ్యగారి పదవీకాలం మరుసటి వేసవితో అయిపోతుంది. మళ్లీ పంపడం, పంపకపోవడం పార్టీ చేతిలో ఉంది.

అక్కడేం విన్నారో ఆయన నాకు చెప్పలేదు. చెప్పకపోవడం ధర్మమని నాకు తెలుసు. కానీ ఢిల్లీ నుంచి వచ్చిన రోజు నుంచి ఆయన నన్ను గదిలోకే పిలవలేదు. ఉత్తరాలు చెప్పడానికి నాగేశును పిలిచారు. స్పెల్లింగు సరిగా రాని నాగేశును. నేను బయట నా కుర్చీలో కూర్చుని, తలుపు వెనక గొంతు వింటూ ఉన్నాను.

రెండో రోజు దివిసీమలో తుఫాను షెల్టరు ఒకటి చూడ్డానికి వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు పాలకాయతిప్ప దగ్గర కారు ఆపించారు. నేను దిగబోయాను.

"మీరు కూర్చోండి బాబుగారూ. ఇసకలో మీకు ఇబ్బంది" అన్నారు. తర్వాత వెనక్కి తిరిగి, "నాగేశూ, రారా" అన్నారు.

అరగంట సేపు అద్దంలోంచి వాళ్ల వీపులు చూస్తూ కూర్చున్నాను. నీళ్ల అంచున నడిచారు. ఒకచోట ఆగారు. ఆయన చెయ్యి నాగేశు భుజం మీద పెట్టడం కనపడింది. నాగేశు తమ్ముడు అప్పటికి కార్గిల్ కొండల్లోనే ఉన్నాడు. రహస్యం చెప్పేశారు అనుకున్నాను. దేశంలో కొద్దిమందికి తెలిసిన సంగతిని, మా తాతగారి కచేరీ మెట్లెక్కి పెరిగిన మనిషి, నన్ను కార్లో కూర్చోబెట్టి, ఒక టైపిస్టుకు చెప్పేశారని నాకు అనుమానం కాదు, నిశ్చయం.

మూడు తేదీలు

ఆ సాయంత్రం వచ్చే వారం టూర్ ప్రోగ్రాం రాసుకోవడానికి నన్ను పిలిచారు. గుమ్మం దగ్గర నిలబడే చెప్పారు. నా ముఖం చూడలేదు. సోమవారం గుడివాడ, శుక్రవారం కూచిపూడి అన్నారు.

"మంగళ, బుధ, గురువారాలు ఏమీ పెట్టకండి."

"ఢిల్లీ వెళ్తున్నారాండీ?"

"ఏమీ పెట్టకండి."

కొత్తవాళ్లకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సభ్యుడి టూర్ ప్రోగ్రాం కలెక్టరు ఆఫీసుకు, పోలీసులకు, పార్టీ ఆఫీసుకు, ఇంకా పదిచోట్లకు వెళ్తుంది. అందరూ ముందు చదివేది ఆయన ఎక్కడికి వెళ్తున్నాడని కాదు. ఎక్కడ ఖాళీ ఉందని. ఖాళీ ఉంటే ఊహలు మొదలవుతాయి. జబ్బు చేసిందంటారు, పార్టీ మారుతున్నాడంటారు. అందుకే ఏ పీఏ కూడా తేదీని ఖాళీగా వదలడు. పని లేని రోజు 'హాల్ట్, మచిలీపట్నం' అని, అంటే బందరులోనే బస అని కొడతాడు. ఆ మాట చూస్తే ఎవరూ రెండోసారి చూడరు. వీరరాఘవయ్యగారు మొదటిసారి సభ్యుడైనప్పుడు, తన డైరీలో ఖాళీలు వదిలేసి నా చేతికిచ్చినప్పుడు, నేనే ఆయనకు ఇది నేర్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

ఆ రోజు నేను మూడు తేదీలూ కొట్టి, వాటి ఎదురుగా ఏమీ కొట్టలేదు.

మర్చిపోలేదు. జెరాక్సుకు తీసుకెళ్లబోతూ నాగేశు చూశాడు కూడా. "బాబుగారూ, మంగళవారం నుంచి ఖాళీగా ఉందండి. హాల్ట్ అని కొట్టమంటారా?" అన్నాడు.

"సార్ చెప్పినట్టే కొట్టాను. నీకు తెలిసినవి నీ దగ్గరే పెట్టుకో" అన్నాను.

అతను కాగితాలు పట్టుకుని కోనేరు సెంటరు వైపు వెళ్లాడు.

ఎందుకు చేశానంటే, ఎవరైనా నన్ను అడగాలని. నాకూ ఏదో తెలుసని ఒక్క మనిషైనా అనుకోవాలని. అడిగినవాడు గుడివాడ ప్రసాదరావు. జిల్లా పార్టీలో పెద్ద కార్యదర్శి, వీరరాఘవయ్యగారి సీటు మీద చాలాకాలంగా కన్నున్నవాడు. సోమవారం గుడివాడ మీటింగులో నా పక్కకు చేరి, కాగితం మడత విప్పాడు.

"ఏంటండీ ఈ మూడు రోజులు? పెద్దాయన మాయమవుతున్నారా?"

నేను ఆ మడత మళ్లీ వేసి ఇచ్చాను.

"యుద్ధం సంగతేనా? ఏదో పెద్దదే ఉందన్నమాట."

అవుననలేదు, కాదనలేదు. నవ్వాను. పెదవుల చివర, కొంచెం. మా నాన్నగారు కోర్టులో ఓడిపోయిన రోజున కూడా అలాగే నవ్వేవారు. ప్రసాదరావు నా భుజం తట్టి, "మీ దగ్గర మాట రాబట్టడం ఎవరి తరమండీ. పెద్దింటి మనుషులు" అన్నాడు. ఆ మాట నాకు రోజంతా బాగుంది.

మర్నాడు జిల్లా పేజీలో వార్త వచ్చింది. సరిహద్దులో ఈ వారం భారీ దాడి జరగబోతోందని, ప్రభుత్వం చెప్పిన రహస్యం తెలిసిన సభ్యుడు మూడు రోజులు కార్యక్రమాలన్నీ మానుకున్నారని, ఈ సంగతి ఆయన ఆఫీసు వర్గాల ద్వారా తెలిసిందని రాశారు. టూర్ ప్రోగ్రాంను అలాగే ఫొటో తీసి వేశారు. ఆ మూడు తేదీల చుట్టూ నల్లగా గీత గీశారు.

బందరు పేపరు చదివి శత్రువు జాగ్రత్తపడతాడా అని మీరు నవ్వవచ్చు. నేనూ ఆ మాటే అనుకుని ఊరట పడ్డాను. ఒక పూట మాత్రమే. మధ్యాహ్నం నాగేశు తల్లి బస్సు దిగి ఆఫీసుకు వచ్చింది. పేపరు ఎవరో చదివి చెప్పారట. ఎవరినీ ఏమీ అడగలేదు. వరండాలో గోడకానుకుని కూర్చుంది. వీరరాఘవయ్యగారిని తిట్టిన మనిషి ఆ మూడు రోజులూ నోరెత్తలేదు.

వీరరాఘవయ్యగారు కూడా ఎక్కడికీ వెళ్లలేదు. ఆ మూడు రోజులూ బందరు ఆఫీసులోనే ఫోను పక్కన కూర్చున్నారు. ఆయన ఖాళీ పెట్టుకున్నది కొండల నుంచి వచ్చే కబురు కోసమే.

పేరు రాయని ఉత్తరం

బుధవారం ఢిల్లీ నుంచి ఫ్యాక్స్ వచ్చింది. గోప్యతను, క్రమశిక్షణను ఉల్లంఘించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. మీ ఆఫీసులో ఎవరి వల్ల బయటికి పొక్కిందో పేరు తెలపాలి. ఆ వ్యక్తిని తొలగించి తెలియజేస్తే విషయం అంతటితో ముగుస్తుంది.

ఎవరనే ప్రశ్న బందరులో ఎవరికీ రాలేదు. తమ్ముడు మిలిటరీలో ఉన్నవాడు, పాలకాయతిప్పలో సభ్యుడితో ఒంటరిగా నడిచినవాడు, తల్లిని తెచ్చి వరండాలో కూర్చోబెట్టినవాడు ఎవరో అందరికీ కనపడుతూనే ఉంది. పార్టీ వాళ్లు నాగేశు ముందే అనేవారు. "ఏరా, మీ అమ్మ చెవిన వేశావా, వల వేసినట్టు ఊరంతా వేశావా?" అని ఒకడు అడిగాడు. నాగేశు టైపు కొట్టుకుంటూనే ఉన్నాడు. నా వైపు చూడలేదు. ఆ రోజు నేను అతన్ని బయటికి తీసుకెళ్లి టీ ఇప్పించాను.

గురువారం వీరరాఘవయ్యగారు నన్ను పిలిచారు. పది రోజుల తర్వాత మళ్లీ అదే "కూర్చోండి బాబుగారూ". సంజాయిషీ ఉత్తరం చెప్పారు. నేను ఇంగ్లీషులో దిద్దుతూ రాసుకున్నాను. చివర, బాధ్యుడు ఫలానా అనే వాక్యం దగ్గర ఆగారు.

"పేరు దగ్గర వదిలేసి కొట్టుకురండి. నేను రాస్తాను."

ఆ ఒక్క పేజీ కొట్టడానికి నాకు గంట పట్టింది. ఖాళీ దగ్గరికి వచ్చాక నా పేరులోని మొదటి అక్షరం మీద వేలు పెట్టి కూర్చున్నాను. నొక్కితే అయిపోతుంది. వరండాలో నాగేశు తల్లి కూర్చున్న చోటు కిటికీలోంచి కనపడుతోంది. గుమాస్తా కొడుకు చేత తొలగించబడిన మనవడిగా మా తాతగారి ఫొటో ముందు నిలబడాలి అనుకున్నాను. పల్లెలో నాగేశుకు ఇంకో ఉద్యోగం దొరక్కపోదు అనుకున్నాను. వేలు తీశాను. ఈ వ్యాసంలో నేను దాచడానికి వీల్లేని వాక్యం అదే.

ఉత్తరం తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన కలం తీసి, ఖాళీలో రాసి, సంతకం చేసి, ఆఫీసు కాపీ మీద కూడా రాసి నా వైపు తిప్పారు. ఖాళీలో ఆయన పేరే ఉంది.

నేను లేచి నిలబడ్డాను. నా నోట ఏదో మాట రాబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఖాళీ వదలకూడదని నాకు నేర్పింది మీరే కదండీ బాబుగారూ" అన్నారు. "ఫ్యాక్స్ చేసేయండి."

గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే, ఒక్కసారి 'ఒరేయ్' అని ఉంటే, బతికిపోయేవాణ్ణి.

శుక్రవారం కబురొచ్చింది. నాగేశు తమ్ముడి ఎడమ కాలి వేళ్లు పోయాయి. మనిషి బతికి ఉన్నాడు. ఆమె లేచి, వరండా తుడిచి, బస్సెక్కింది.

అన్నీ చెప్పే యజమాని

మరుసటి వేసవి వీరరాఘవయ్యగారికి పార్టీ మళ్లీ సీటు ఇవ్వలేదు. ప్రసాదరావుకు ఇచ్చింది. వీరరాఘవయ్యగారు గుడివాడ దగ్గర సొంత ఊరికి వెళ్లిపోయారు. నాగేశు ఉద్యోగం మానేసి పల్లెకు వెళ్లాడు. ప్రసాదరావు నాకు కబురు పంపాడు. నేను వెళ్లి చేరాను. ఇంట్లో పొయ్యి వెలగాలి. మర్యాదగా చెప్పడానికి ఇంతకన్నా మాట లేదు.

ఆ ఆరేళ్లూ ప్రసాదరావు నాకు అన్నీ చెప్పాడు. పార్టీ సమావేశాల్లో ఎవరెవరు ఏమన్నదీ, ఎవరి మీద ఎవరు ఫిర్యాదు చేసిందీ, చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఎవరో చెప్పినవీ. కారెక్కగానే మొదలుపెట్టేవాడు. నేను కోరుకున్నది అదే కదా. చెప్పనిది ఒక్కటీ లేదు, వినదగ్గది ఒక్కటీ లేదు. తనకు అప్పగించిన మాటను ఎవరికి పడితే వాళ్లకు పంచే మనిషి దగ్గర, ఆ పంపకంలో నా వంతు ఎంతైనా నాకు గౌరవమనిపించలేదు. నా అభిప్రాయం అడిగితే, పార్టీ క్రమశిక్షణ సగం భయం, సగం బేరం. మూడో భాగం ఒకటుంటుంది. అది ఒక్క వీరరాఘవయ్యగారిలోనే చూశాను.

పెద్దకర్మ నాడు

వీరరాఘవయ్యగారు పోయినప్పుడు పెద్దకర్మకు వెళ్లాను. భోజనాలయ్యాక షామియానా కింద కుర్చీలో కూర్చుని ఉంటే నాగేశు వచ్చాడు. ఇప్పుడు తన పల్లెకు సర్పంచి. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. చుట్టూ నలుగురు మనుషులు. అది చూసి కూడా కాస్త కుళ్లుకున్నాను.

"బాగున్నారా బాబుగారూ" అని పక్కన కూర్చున్నాడు. తమ్ముడు ఊళ్లో మరపడవలు బాగుచేస్తున్నాడని, అమ్మ ఇంకా తిడుతూనే ఉందని చెప్పాడు.

నేను చెప్పేశాను. ఆ ఖాళీ నేను కావాలనే వదిలాను నాగేశూ అన్నాను.

"తెలుసండి. ముందు మర్చిపోయారేమో అనుకున్నా. మీరు టీ ఇప్పించారు చూడండి, అప్పుడర్థమైంది" అన్నాడు. "నాలుగేళ్లలో అదొక్కటే టీ కదండి."

ఎనిమిదేళ్లుగా నా లోపల అరుగుతున్న ప్రశ్న అప్పుడడిగాను. ఆ రోజు పాలకాయతిప్పలో ఆయన నీకేం చెప్పారు?

నాగేశు ఆశ్చర్యంగా చూశాడు. "మీకెప్పుడూ చెప్పలేదాండి? మీ గురించేనండి. 'ఒరేయ్, ఈ పది రోజులూ డిక్టేషనుకు నువ్వు రా. బాబుగారి ఎదురుగా కూర్చున్నానంటే నా మొహం చదివేస్తారు. ఆయన దగ్గర దాచడం నా వల్ల కాదు. మాటిచ్చి వచ్చాను' అన్నారండి."

"అరగంట సేపు అదేనా?"

"అది రెండు నిమిషాలండి. మిగతా సేపు ఏమీ మాట్లాడుకోలేదు. మా తమ్ముడి సంగతి అడుగుతానేమోనని ఆయన భయం, చెప్పేస్తారేమోనని నా భయం. ఇద్దరం అట్టా నడిచాం. చివరికి భుజం మీద చెయ్యేసి, 'పద' అన్నారు."

ఎవరో వచ్చి సర్పంచిగారూ అని పిలిస్తే లేచి వెళ్లాడు.

ఆయన ముఖం చదవగలవాణ్ణి నేనొక్కణ్ణే అని ఆయన అనుకున్నారట. నేను చదివింది మూడు ఖాళీ తేదీలే. ఆయన అనుకున్న మాటకు నాకు గర్వంగా ఉండాలి. కానీ ఆ కుర్చీలో కూర్చుని నేను అనుకున్నది వేరు. తమ్ముడు చావుబతుకుల్లో ఉండగా, తెలిసిన మనిషి పక్కనే నడుస్తూ, నాగేశు ఒక్క మాట అడక్కుండా ఉన్నాడే, ఆ అరగంట నాది కావలసింది. నన్ను కూడా దిగమని ఉంటే నేను తప్పకుండా అడిగేవాణ్ణి. అది ఆయనకు తెలుసు. అందుకే నన్ను కార్లో కూర్చోమన్నారు.